ఆరువందల గంటల పని: డిసర్టేషనుకు కూర్చునే ముందు

ఏటా వినాయక చవితి వెళ్ళిన కొద్దిరోజులకు మన హాలులో కొత్త ముఖాలు కనబడతాయి. ఒంటిమీద కొత్తగా కొన్న కోటు, చేతిలో అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా. ఇంగ్లండులో ఎమ్మెస్సీ, ఎం.ఏ. చదవడానికి వచ్చిన మన పిల్లలు. సంక్రాంతి నాటికి వాళ్ళే హాలులో కుర్చీలు వేస్తుంటారు. ఉగాది నాటికి వేపపువ్వు తరిగి పచ్చడి కలుపుతుంటారు. జూన్ వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరే కనబడడం మానేస్తారు. ఎక్కడికి పోయారయ్యా అని అడిగితే ఒకటే జవాబు: "డిసర్టేషన్ అండీ."

ఈ నెల ఆ డిసర్టేషన్ గూర్చే నాలుగు మాటలు వ్రాయదలచాము. మేము ప్రొఫెసర్లము కాము. మాలో ఒకరు ఆస్పత్రిలో పనిచేసి రిటైరైనవారు, ఒకరు బడిలో లెక్కలు చెప్పినవారు, మరొకరు లైబ్రరీలో ఉద్యోగం చేసినవారు. ప్రతి నెలా రెండవ శనివారం మధ్యాహ్నం హాలు వెనుక గదిలో విద్యార్థులతో కూర్చుంటున్నాము. ఇలా కూర్చోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పుకోవాలి. అది చెప్పకుండా సలహాలు ఇవ్వడం న్యాయం కాదు.

కుర్చీలు వేసిన కుర్రవాడు

కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రవాడు మన సభలకు తప్పకుండా వచ్చేవాడు. పేరు వ్రాయము. తండ్రి రెండెకరాలు తాకట్టు పెట్టి పంపించాడు. ఆ సంవత్సరం ఉగాదికి మొదట వచ్చి చివర వెళ్ళినవాడు అతనే. బిందెలు మోశాడు, పులిహోర కలిపాడు, హాలు ఊడ్చాడు. "ఏం బాబూ, ఉద్యోగం దొరికిందా?" అని అందరమూ అడిగాము. చదువు ఎలా సాగుతోందని మాత్రం మాలో ఒక్కరమూ అడగలేదు.

మే నెలలో క్లాసులు అయిపోయాయి. క్లాసులు లేవు గనుక సెలవులే అనుకున్నాడు. గోదాములో రాత్రి డ్యూటీలు పెంచుకున్నాడు. ఆగస్టు వచ్చేసరికి చేతిలో టైటిల్ తప్ప మరేమీ లేదు. ఇల్లు పంచుకుంటున్న వాళ్ళ ద్వారా ఎవరో పరిచయమై, ఇంత సొమ్మిస్తే మొత్తం వ్రాసి ఇస్తామన్నారు. ఇచ్చాడు. వాళ్ళు వ్రాసి ఇచ్చినదే తెచ్చి యూనివర్సిటీకి సమర్పించాడు. మూడు వారాల తరువాత పిలుపు వచ్చింది. "ఈ సర్వేలో నూటయాభై మంది జవాబులిచ్చారని వ్రాశారు, ఆ కాగితాలు చూపించండి" అన్నారు. చూపించడానికి కాగితాలు లేవు. "ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నారు?" అని అడిగారు. చెప్పడానికి మాట లేదు. డిగ్రీ రాలేదు.

అతను మా దగ్గరకు వచ్చి చెప్పింది అంతా అయిపోయాక. "బాబాయిగారూ, నాకు వ్రాయడం రాక కాదండీ. ఎక్కడ మొదలు పెట్టాలో తెలియలేదండీ" అన్నాడు. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదలలేదు. అతను చేసింది తప్పే. కాని ఆ తప్పు ఆగస్టులో పుట్టింది కాదు. ఎలా మొదలు పెట్టాలో చెప్పేవారు లేని ఫిబ్రవరిలోనే పుట్టింది.

ఇలా చదువు అమ్ముకునే వ్యాపారాన్ని ఇంగ్లండులో 2022 నాటి చట్టం నేరంగా ప్రకటించింది. అమ్మేవాడికీ, ప్రకటన వేసేవాడికీ అది నేరం. కొన్నవాడి సంగతి యూనివర్సిటీ చూసుకుంటుంది. ఆ చూసుకోవడం ఎలా వుంటుందో పైన వ్రాశాము.

ముందు గంటలు లెక్క పెట్టండి

ఈ దేశంలో మాస్టర్స్ డిగ్రీ అంటే 180 క్రెడిట్లు. చాలా కోర్సులలో అందులో 60 క్రెడిట్లు డిసర్టేషనువే. ఒక క్రెడిట్ అంటే సుమారు 10 గంటల శ్రమ అని ఇక్కడి లెక్క. అంటే డిసర్టేషన్ 600 గంటల పని. మన పిల్లలలో చాలామంది దీన్ని ఒక పెద్ద అసైన్‌మెంటు అనుకుంటారు. కాదు, డిగ్రీలో మూడోవంతు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. జూన్ మొదటి వారంలో మొదలుపెట్టి ఆగస్టు చివర ఇచ్చేయాలంటే చేతిలో 13 వారాలు. 600ను 13తో భాగిస్తే వారానికి 46 గంటలు. అది పూర్తికాలపు ఉద్యోగం కన్నా ఎక్కువ. అదే ఫిబ్రవరిలో మొదలుపెట్టి, మే చివరిదాకా వారానికి 7 గంటల చొప్పున 16 వారాలు పనిచేస్తే 112 గంటలు ముందే జమ అవుతాయి. వేసవికి మిగిలేది వారానికి 37, 38 గంటలు. మొదటిది మనిషిని పడగొడుతుంది. రెండవది కష్టమే గాని మోయగలిగిన బరువు.

ఇక్కడే ఇంకొక మాట. దీన్ని పెద్ద అక్షరాలతో వ్రాయవలసింది. డిగ్రీ స్థాయి విద్యార్థి వీసా మీద టర్ము నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. మాస్టర్స్ విద్యార్థికి డిసర్టేషన్ వ్రాసే వేసవి సెలవు కాదు, అది కూడా టర్ములో భాగమే. బి.ఎస్సీ. చదివే స్నేహితుడు వేసవిలో నలభై గంటలు పనిచేస్తున్నాడు గదా అని మీరూ చేస్తే వీసాకే ముప్పు. మీ కోర్సు తేదీలు ఏమిటో యూనివర్సిటీ వారి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి వ్రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇంట్లో వుండే సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడకండి.

సోమలింగం పుట్టకముందే పేరు

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మన సామెత. మా దగ్గరకు వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది సోమలింగం పేరుతోనే వస్తారు. టైటిల్ వుంటుంది, ప్రశ్న వుండదు.

రెండేళ్ళ క్రితం ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, పబ్లిక్ హెల్త్ చదువుతున్నది, ఒక టైటిల్ పట్టుకొచ్చింది: "బ్రిటన్‌లోని దక్షిణాసియా వారిలో మధుమేహం: కారణాలు, ప్రభావాలు, నివారణ." చూడడానికి గంభీరంగానే వుంది. మాలో ఆస్పత్రిలో పనిచేసిన పెద్దాయన కళ్ళజోడు తీసి, "అమ్మా, ఇది నీ జీవితకాలంలో అయ్యేది కాదు. నా జీవితకాలంలో కూడా కాలేదు" అన్నారు. నేల విడిచి సాము అంటే ఇదే.

దీన్ని చిన్నది చేసే ఉపాయం ఒకటి మాలో లైబ్రరీ పనిచేసిన వారు చెప్పారు. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా నియమితులైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1924లో లండన్ వచ్చి యూనివర్సిటీ కాలేజీలో గ్రంథాలయశాస్త్రం చదువుకున్నారు. ఒకనాడు ఇక్కడి ఒక పెద్ద దుకాణంలో మెకానో అనే ఆటవస్తువు చూశారట. కొద్దిపాటి ఇనుప ముక్కలు, మరలు. వాటినే రకరకాలుగా బిగిస్తే ఒకసారి వంతెన, ఒకసారి బండి. పుస్తకాల విషయాలను కూడా ఇలాగే ముక్కలుగా విడదీసి మళ్ళీ బిగించవచ్చు గదా అని ఆయనకు తోచింది. 1933లో వెలువడిన ఆయన కోలన్ వర్గీకరణ అలా మొదలైంది. ఏ విషయాన్నైనా ప్రధానాంశం, పదార్థం, క్రియ, స్థలం, కాలం అని అయిదు ముక్కలుగా చూడమన్నారు.

పుస్తకాలను బీరువాలో పెట్టడానికి పుట్టిన ఆ పద్ధతి మీ టైటిల్‌ను నేలమీదికి దించడానికీ పనికివస్తుంది. ఆ అమ్మాయి చేత కాగితం మీద అయిదు గడులు గీయించాము. ఎవరు? దక్షిణాసియా వారంటే పంజాబీలా, బెంగాలీలా, మనవాళ్ళా? మనవాళ్ళలో ఆడవారా, మగవారా? దేన్ని గూర్చి? మందులా, నడకా, తిండా? ఏం చేస్తున్నారని చూస్తావు? సలహా వినడమా, పాటించడమా, మార్చుకోవడమా? ఎక్కడ? దేశమంతానా, ఈ ఊరా? ఎప్పుడు? గంటన్నర గడిచాక కాగితం మీద మిగిలింది ఇది:

"ఈ ఊళ్ళో వుంటున్న, 40 ఏళ్ళు దాటిన, మధుమేహం వున్న తెలుగు స్త్రీలు క్లినిక్కులో ఇచ్చిన ఆహార సలహాను తమ ఇంటివంటకు ఎలా అన్వయించుకుంటున్నారు?"

చివర ప్రశ్నార్థకం వుంది చూడండి. ప్రశ్న వుంటేనే జవాబు వెతకగలరు. మంచి ప్రశ్నకు మూడు పరీక్షలు వున్నాయని మా అనుభవం. జవాబు మీకు ముందే తెలిసి వుండకూడదు. మీకున్న వారాల్లో, మీకున్న డబ్బులో జవాబు దొరకాలి. జవాబు దొరికితే ఎవరికో ఒకరికి ఉపయోగపడాలి. మూడింటిలో ఏది లేకపోయినా మళ్ళీ గడుల దగ్గరకు వెళ్ళండి.

చదవడానికీ ఒక పద్ధతి వుంది

ప్రశ్న కుదిరాక ఇతరులు ఇదివరకు ఏం చేశారో చూడాలి. ఇక్కడ మన పిల్లలు చేసే పొరపాటు, గూగుల్‌లో ఒక్క మాట కొట్టి మొదట వచ్చిన పదింటినీ దింపుకోవడం. వైద్యానికి పబ్‌మెడ్, కాక్రేన్ లైబ్రరీ వున్నాయి. ప్రతి శాస్త్రానికీ ఇలాంటివి వున్నాయి. మీ డిపార్టుమెంటుకు ఒక లైబ్రేరియన్‌ను కేటాయించి వుంటారు. ఆమెను కలిసి ఒక అరగంట అడిగితే మూడు వారాల తిరుగుడు తప్పుతుంది. ఇది ఉచితం. అయినా అడిగేవారు తక్కువ.

ఒకే వస్తువుకు పది పేర్లుంటాయి. ఒకరు "సౌత్ ఏషియన్" అంటారు, ఒకరు "ఇండియన్" అంటారు, ఇంకొకరు "ఏషియన్ ఇండియన్" అంటారు. అర్థం ఒకటైన మాటల మధ్య "ఆర్" వేయండి, రెండు వేరు వేరు భావాల మధ్య "అండ్" వేయండి. రెండు మూడు మాటలు విడిపోకుండా కలిసే రావాలంటే కొటేషన్ గుర్తులలో పెట్టండి. ఏ రోజు, ఎక్కడ, ఏ మాటలతో వెతికారో, ఎన్ని వచ్చాయో ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టుకోండి. ఆగస్టులో ఆ పేజీయే మీ మెథడాలజీ చాప్టర్లో సగం అవుతుంది.

ఒక మంచి వ్యాసం దొరికితే దాన్ని రెండు వైపులా తవ్వండి. చివర ఇచ్చిన గ్రంథాల జాబితా వెనక్కి తీసుకుపోతుంది. దాన్ని తరువాత ఎవరెవరు ఉదహరించారో గూగుల్ స్కాలర్ చూపిస్తుంది, అది ముందుకు తీసుకువస్తుంది. మా అమ్మాయి ఇలా తవ్వుతూ సేబర్ అనే అధ్యయనం దగ్గరకు చేరింది. లండనులోని సౌతాల్, బ్రెంట్ ప్రాంతాల్లో 1988–91 మధ్య మనుషులను చేర్చుకొని, దశాబ్దాల తరబడి వెంట నడిచిన అధ్యయనం అది. యూరోపియన్లతో పోలిస్తే దక్షిణాసియా వారిలో మధుమేహం రెట్టింపు పైనే అని అందులో తేలింది. అయితే అందులోని దక్షిణాసియా వారిలో ఎక్కువమంది పంజాబ్ మూలాల వారు. రొట్టె తినే ఇంటి సంగతి అన్నం తినే ఇంటికి ఎంతవరకు సరిపోతుంది? ఆ అమ్మాయి ప్రశ్నకు చోటు అక్కడ దొరికింది. "ఎవరూ చేయలేదు" అని ఊరికే వ్రాయడం వేరు, "ఫలానా వారు ఇంతవరకు చేశారు, ఇక్కడ ఆగారు" అని చూపించడం వేరు.

ప్రతి వ్యాసాన్నీ మొదటి అక్షరం నుంచి చదవనక్కరలేదు. ముందు సారాంశం, తరువాత పద్ధతి, ఆపైన ఫలితాలు. పనికివస్తుందనుకుంటేనే మొత్తం. చదివినదాన్ని ఒక పట్టికలో వేయండి: ఎవరు చేశారు, ఎక్కడ, ఎంతమంది మీద, ఎలా, ఏం తేలింది, ఏం వదిలేశారు. ఇరవై వ్యాసాలు అలా వేసేసరికి లిటరేచర్ రివ్యూ దానంతటదే కళ్ళముందు కనబడుతుంది. రాముడు ఇలా అన్నాడు, భీముడు అలా అన్నాడు అని వరుసగా వ్రాస్తే అది రివ్యూ కాదు, హాజరుపట్టీ. రాముడికీ భీముడికీ ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు, ఎందుకు కుదరలేదు అన్నది చెప్పాలి.

దున్నపోతు ఈనితే

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడని సామెత. అచ్చులో కనబడ్డదల్లా నమ్మేవారి పని ఇదే.

ఈ విషయంలో మనకు గురువు లండనులోనే వున్నాడు. 1798లో పుట్టి 1884లో ఇక్కడ కన్నుమూసిన సి.పి. బ్రౌన్ కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో వున్నాడు. కడపలో ఆయన ఏం చేశాడు? ఒక కావ్యానికి ఒక ప్రతి దొరికింది గదా అని అచ్చు వేయలేదు. దొరికినన్ని ప్రతులు తెప్పించాడు, తన జీతం లోంచి పండితులను పెట్టుకున్నాడు, ప్రతిని ప్రతితో పోల్చి చూపించి, పాఠభేదాలు గుర్తింపజేసి, అప్పుడు శుద్ధప్రతి వ్రాయించాడు. వేమన పద్యాలను ఆయన 1829లో అచ్చు వేయించాడు. పరిశోధన అంటే అదే. ఒక సాక్షి చెప్పిందాన్ని రెండో సాక్షి దగ్గర సరిచూడడం.

ఇప్పుడు ఏఐ వచ్చింది. అడిగిన వెంటనే ఇంగ్లీషు దిద్దుతుంది, కష్టమైన పేరాను విడమరచి చెబుతుంది. అంతవరకు బాగానే వుంది. కాని లేని పుస్తకాలకు పేర్లు పెట్టి, లేని పత్రికలో లేని పేజీ నంబరు కూడా ఇవ్వగలదు. అది ఇచ్చిన రెఫరెన్సును లైబ్రరీలో తెరిచి మీ కళ్ళతో చూడనిదే మీ జాబితాలో చేర్చకండి. దాన్ని ఎంతవరకు వాడుకోవచ్చో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో నియమం. మీ కోర్సు హ్యాండుబుక్కులో చూసుకోండి. వాడినచోట వాడానని వ్రాయండి.

ఇతరుల వాక్యాన్ని ఎత్తి వ్రాయడం గూర్చి కూడా ఒకమాట. ఊళ్ళో మనం గైడు చూసి బట్టీపట్టి వ్రాస్తే మంచి మార్కులు వేశారు. పుస్తకంలో వున్నది వున్నట్టు వ్రాయడం అక్కడ గౌరవం. ఇక్కడ అదే దొంగతనం. ఇందులో మన పిల్లల స్వభావదోషం లేదు, నేర్పినవారి తేడా వుంది. నోట్సు వ్రాసుకునేటప్పుడే ఇతరుల మాటలను ఒక రంగు సిరాతో, మీ మాటలను మరొక రంగుతో వ్రాసుకుంటే ఈ చిక్కు పుట్టదు. జొటేరో అనే ఉచితమైన సాఫ్ట్‌వేర్ రెఫరెన్సులను దాచి, చివరి జాబితాను తయారుచేసి పెడుతుంది. దాన్ని మొదటిరోజే పెట్టుకోండి, చివరివారం కాదు.

ఇడ్లీ చెప్పిన పాఠం

మనుషులను ప్రశ్నలడిగే పరిశోధన అయితే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్కరినీ అడగరాదు. అనుమతి రాకముందు పోగుచేసిన జవాబులు ఎంత బాగున్నా చెల్లవు. ఆస్పత్రి రోగులను ఎన్.హెచ్.ఎస్. ద్వారా కలవాలంటే దానికి వేరే కమిటీలు, వేరే ఫారాలు. ఒక విద్యార్థి వేసవి దానికి చాలదు. అందుకే మా అమ్మాయి క్లినిక్కుకు పోకుండా మన సంఘం ద్వారా పిలుపునిద్దామనుకుంది. అప్పుడు కమిటీ మంచి ప్రశ్నే వేసింది: "సంఘం పెద్దలు చెప్పారని మొహమాటంతో ఒప్పుకునేవారి సంగతేమిటి?" నిజమే. మన ఆడవాళ్ళు "సరేలేమ్మా" అన్నారంటే అది ఒప్పుకోలో, మొహమాటమో మనకే తెలియదు. అందువల్ల మేము ఎవరినీ స్వయంగా అడగలేదు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించి వూరుకున్నాము. ఇష్టమైనవారే ఆ అమ్మాయికి ఫోన్ చేశారు. మధ్యలో మానుకోవచ్చునని, పేర్లు ఎక్కడా రావని తెలుగులో వ్రాసిన కాగితం మీద సంతకం తీసుకుంది.

అసలు ఇంటర్వ్యూలకు ముందు ఒకరిద్దరితో ప్రయత్నించి చూడడాన్ని పైలట్ అంటారు. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ అమ్మాయి వ్రాసుకున్న మొదటి ప్రశ్న: "మీరు రోజుకు ఎంత కార్బోహైడ్రేటు తీసుకుంటారు?" మాలో ఒకరి భార్య పైలట్‌కు కూర్చున్నారు. ఆమె నవ్వి, "అదంతా నాకు తెలియదు గాని, డాక్టరు చెప్పినప్పటినుంచి అన్నం మానేశానమ్మా. పొద్దున ఇడ్లీ, రాత్రి దోసె, అంతే" అన్నారు.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి ప్రశ్నలన్నీ చింపేసి మళ్ళీ వ్రాసింది. ఇడ్లీ కూడా బియ్యమే గదా! క్లినిక్కులో ఇచ్చిన కాగితం అన్నం తగ్గించమన్నది. ఆమె తగ్గించారు. కాగితం తప్పు చెప్పలేదు, ఆమె తప్పు చేయలేదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో సలహా జారిపోయింది. అది ఎక్కడ జారిందో చూడడమే తన పరిశోధన అని ఆ అమ్మాయికి ఆ రోజు అర్థమైంది. కొత్త మొదటి ప్రశ్న: "నిన్న పొద్దున లేచిన దగ్గరనుంచి ఏమేం వండారు, ఏమేం తిన్నారు, చెబుతారా ఆంటీ?" ఆ ప్రశ్నకు ఎవరూ అయిదు మాటల్లో జవాబు చెప్పలేదు.

మరొక లెక్క. గంటసేపు మాట్లాడిన ఇంటర్వ్యూను విని కాగితం మీద పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. తెలుగులో మాట్లాడినదాన్ని ఇంగ్లీషులోకి తేవాలంటే ఇంకా పైన. మొదట పన్నెండుమందిని అనుకున్నది, ఈ లెక్క చూసి ఎనిమిదిమందితో సరిపెట్టుకుంది. సూపర్వైజరు కూడా సరేనన్నారు. "కొంచెం చప్పగా", "వేడి చేస్తుంది" వంటి మాటలను ఇంగ్లీషులో ఎలా చెప్పిందో, ఎందుకలా చెప్పిందో ఒక పేజీ వ్రాసింది. మార్కులు వేసినవారు ఆ పేజీని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. తెలుగు రావడం పరిశోధనలో ఒక పనిముట్టు. మన పిల్లలు దాన్ని దాచుకుంటారు ఎందుకో!

సూపర్వైజరు దగ్గర మౌనం

మనకు గురువంటే భయభక్తులు. సార్ ఏమనుకుంటారోనని పని సాగనప్పుడు మొహం చాటేస్తాము. ఇక్కడి ప్రొఫెసరు తనను పేరుపెట్టి పిలవమంటాడు, మనకు నోరు రాదు. ఆయనేమో విద్యార్థికి అవసరమైతే తానే అడుగుతాడనుకుంటాడు. మనమేమో ఆయనకు తోస్తే ఆయనే చెబుతాడనుకుంటాము. ఇద్దరి మధ్య జూన్, జూలై వెళ్ళిపోతాయి.

మాస్టర్స్ విద్యార్థికి సూపర్వైజరు ఇవ్వగలిగిన సమయం కొద్ది గంటలే. దాన్ని జాగ్రత్తగా ఖర్చు పెట్టండి. కలవడానికి రెండు రోజుల ముందు ఒక పేజీ పంపండి: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, నా రెండు ప్రశ్నలు ఇవి. కలిసి వచ్చిన సాయంత్రమే ఆయన చెప్పినదాన్ని నాలుగు వాక్యాల్లో వ్రాసి పంపండి. "నాకు ఇది అర్థం కాలేదు" అనడం ఇక్కడ మర్యాదలోపం కాదు. ఒంట్లో బాగాలేకపోయినా, ఇంటిదగ్గర కష్టం వచ్చినా, గడువు దాటకముందే చెప్పండి. ముందుగా అడిగినవారికి గడువు పెంచే పద్ధతి వుంటుంది. దాటిన తరువాత చెబితే వినేవారు తక్కువ.

వ్రాయడం చివరి పని కాదు

అంతా చదివాక వ్రాస్తానంటే ఆ అంతా ఎప్పటికీ కాదు. ప్రశ్న కుదిరిన వారమే రెండు పేజీలు వ్రాయండి. బాగుండవు. బాగుండనక్కరలేదు. మెథడాలజీ చాప్టరు ముందు వ్రాయడం తేలిక, ఎందుకంటే అది మీరు చేసిన పనే. ఉపోద్ఘాతం ఆఖరున వ్రాయండి. లెక్కల అవసరం వున్నవారు జవాబులు పోగుచేశాక కాదు, చేయకముందే స్టాటిస్టిక్స్ తెలిసినవారిని కలవండి. తప్పు ప్రశ్నతో వచ్చిన అంకెలను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

వ్రాసినదాన్ని మూడుచోట్ల దాచండి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీదే సైబర్ దాడి జరిగి, నెలల తరబడి ఎందరో పరిశోధకులకు పని ఆగిపోయింది. అంతటి సంస్థకే తప్పలేదు. మీ పాత ల్యాప్‌టాప్ మీద అంత నమ్మకం వద్దు.

ఇంటివారు మార్కులు అడుగుతారు. 62 వచ్చిందంటే మా అబ్బాయికి ఇంతేనా అని బెంగపెట్టుకుంటారు. సాధారణంగా ఇక్కడ మాస్టర్సులో 50 వస్తే పాస్, 60 వస్తే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్ అని ముందే ఫోన్ చేసి చెప్పిపెట్టండి.

మేము చేయవలసింది

ఆ ఖమ్మం అమ్మాయికి మెరిట్ వచ్చింది. అంతకన్నా మాకు సంతోషం కలిగించినది, ఆమె మన హాలులో ఒక ఆదివారం తన ఫలితాలు చెప్పడం. ఇడ్లీ, దోసె, ఉప్మా, అటుకులు బల్లమీద పెట్టి ఏది ఎంత అన్నంతో సమానమో చూపించింది. పైలట్‌కు కూర్చున్న ఆవిడ ముందు వరుసలో కూర్చుని, "అయితే నేను మానేసింది ఏమిటమ్మా?" అని అడిగారు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు. మరునాటినుంచి ఆ ఇంట్లో ఇడ్లీల లెక్క మారింది. ప్రశ్న ఎవరికో ఒకరికి ఉపయోగపడాలని పైన వ్రాసింది ఇందుకే.

కుర్చీలు వేసిన ఆ కుర్రవాడు ఊరికి తిరిగి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఈ వ్యాసం వ్రాస్తున్నామని చెబితే, "నా సంగతి వ్రాయండి బాబాయిగారూ, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అతని అనుమతితోనే వ్రాశాము.

రెండవ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు వెనుక గది తెరిచి వుంటుంది. టైటిల్ తెచ్చినా సరే, ఖాళీ కాగితం తెచ్చినా సరే. ఫిబ్రవరిలో రండి, ఆగస్టులో కాదు. ఆగస్టులో వచ్చినా పొమ్మనము. విద్యార్థులు కానివారికి కూడా ఒక మనవి. హాలులో ఎవరైనా పిల్లవాడు కుర్చీలు మోస్తూ కనబడితే, ఉద్యోగం గూర్చి అడిగే ముందు చదువు గూర్చి ఒక్కమాట అడగండి. కుర్చీలు మనమూ వేసుకోగలము.